అల్లుడికి ఉత్తరం: రాయిలో బరువు ఎక్కడ దాక్కుందో వెతుకు

పర్లాకిమిడి,
ఆదివారం పొద్దున్న

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ నగల షాపులోని రెండు వజ్రాలకి నువ్వు సెల్లులో పంపిన సర్టిఫికెట్లూ, రాళ్ల ఫోటోలూ చేరాయి. రాత్రి మీ అత్త చేత అక్షరాలు పెద్దవి చేయించుకుని చదివాను. ఫోటో చూసి కట్ ఎలా ఉందో చెప్పమన్నావు. ఫోన్లో పులుసు చూపించి ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టుంది. కాగితాల మీద అంకెలు ఉన్నాయి కాబట్టి బతికిపోయాను.

"రెండూ యాభై సెంట్లే, రెండూ రంగులో జి గ్రేడే, రెండింటికీ కట్ ఎక్సలెంట్ అనే ఉంది. ట్రేలో పక్కపక్కన పెడితే ఒకటి కళ్లు విప్పుకుని చూస్తోంది, రెండోది నిద్దరమొహంతో ఉంది. ఏటి మావయ్యా ఇది?" అని రాశావు. ఆ తేడా నీ కంటికి ఆనింది చూశావూ, అక్కడికే సగం పని అయింది. చాలామంది సేల్స్‌మేన్లు కాగితం మీద ఎక్సలెంట్ అన్న మాట చూశాక రాయి వంక చూడటం మానేస్తారు.

ముందు మన నోటి అలవాటు వల్ల వచ్చే తిరకాసులు రెండు చెప్పి ముందుకు పోతాను. మనకి బంగారానికీ క్యారెట్టే, వజ్రానికీ క్యారెట్టే. బంగారం క్యారెట్ మేలిమి లెక్క, 24 పాళ్లలో ఎన్ని పాళ్లు అసలు బంగారం అని. వజ్రం క్యారెట్ ఉత్త బరువు. అయిదు క్యారెట్లు ఒక గ్రాము, క్యారెట్లో నూరో వంతు సెంటు. పద్దెనిమిది క్యారెట్ల ఉంగరం కొని, అందులో పద్దెనిమిది క్యారెట్ల వజ్రం ఉందని ఊరంతా చెప్పుకున్న పెద్దాయన నాకు తెలుసు. అలాగే నగ మీద కొట్టే హాల్‌మార్కూ, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరూ బంగారం గురించే మాట్లాడతాయి, రాయి గురించి ఒక్క ముక్క చెప్పవు. ఇది కౌంటర్లో నువ్వే ముందు చెప్పు, వాళ్లు అడిగేదాకా ఆగకు. రెండో తిరకాసు, కట్ అనగానే గుండ్రమా, కోలా, చదరమా అనుకోవడం. అది ఆకారం. కట్ అంటే లోపలికి వెళ్లిన వెలుగుని రాయి ఎంత బాగా తిప్పి నీ కంటికి పంపుతోంది అన్నది.

బిందె సంగతి అనుకో. పైనుంచి పోసిన నీళ్లు పైనుంచే తిరిగి తీసుకోవాలి, అడుగున చిల్లు ఉండకూడదు. రాయికి పైభాగం క్రౌన్, కింది భాగం పెవిలియన్. సూరత్‌లో మేము వాటిని మథాలా, తలియా అనేవాళ్లం. నడుము గర్డిల్, నడినెత్తి మీద పెద్ద పలక టేబుల్. వెలుగు టేబుల్లోంచి దిగి, పెవిలియన్ పలక ఒకదాన్ని తాకి, ఎదుటి పలకకి ఎగిరి, మళ్లీ పైకి రావాలి. లోపలినుంచి పలకని తాకిన వెలుగు బయటికి జారిపోతుందా, తిరుగుతుందా అన్నది కోణాన్ని బట్టి ఉంటుంది. వజ్రంలో ఆ హద్దు 24.4 డిగ్రీలు. పలకకి నిలువుగా గీత గీసుకుంటే, ఆ గీతకి అంతకన్నా దగ్గరగా వచ్చిన వెలుగు బయటికి పోతుంది, అంతకన్నా ఏటవాలుగా వచ్చింది వెనక్కి తిరుగుతుంది. గాజుకి ఈ హద్దు దాదాపు 41, 42. అందుకే గాజురాయికి ఎంత సాన పట్టినా అడుగు కారుతూనే ఉంటుంది. వజ్రానికి ఆ గుణం పుట్టుకతో వచ్చింది. దాన్ని నిలబెట్టేదీ, పాడు చేసేదీ సానపట్టినవాడి చెయ్యే.

ఆ పాడు చేసిన చేతుల్లో నాదీ ఒకటి. నీకు ఎప్పుడూ చెప్పలేదు. అప్పట్లో గంజాం కుర్రాళ్లు అహ్మదాబాద్ ఎక్స్‌ప్రెస్సెక్కి సూరత్ పోతే చాలామంది మగ్గాల్లోకి పోయేవారు. నేను తెలిసినవాళ్లని పట్టుకుని వజ్రాల ఘంటీ దగ్గర కూర్చున్నాను. ఘంటీ అంటే గుడిలోది కాదు. వజ్రం పొడి నూనెలో కలిపి పూసిన ఇనప చక్రం, దాని చుట్టూ మేము నలుగురం. చేతిపట్టీకి రాయి బిగించి చక్రానికి ఆనించడం, ఎత్తి భూతద్దంలో చూడటం, మళ్లీ ఆనించడం. రాయికి ఇంత అని కూలి. రెండో ఏడు ఒక రాయికి తలియా ఎనిమిది పెద్ద పలకలు నా చేతి మీద పడ్డాయి. ముడిరాయి కొంచెం చప్పిడిగా ఉంది. వెడల్పు తగ్గితే మేనేజరు తిడతాడని కోణం పడుకోబెట్టేశాను. నలభై ఉండాల్సిన చోట ముప్ఫై ఎనిమిదో ముప్ఫై తొమ్మిదో అయింది. తిప్పి చూస్తే టేబుల్ లోపల తెల్లటి వలయం, ఉడికిన చేప కన్ను ఉంటుందే, అచ్చం అది. నడుము పట్టీయే అడుగున ప్రతిఫలించి పైకి కనబడుతోందన్నమాట. మేనేజరు తిట్టలేదు. భూతద్దం నా చేతికే ఇచ్చి "ఎవరి కన్ను ఇది?" అన్నాడు. దాన్ని సరిచేయాలంటే రాయి చుట్టూ అరగదీసి చిన్నది చేయాలి. మూడు సెంట్లు పోయాయి, ఆ నెల నా కూలిలో కొంత పోయింది. వ్యాపారంలో దీన్ని ఫిష్ ఐ అనే అంటారు. దీనికి ఎదురు రకం నెయిల్ హెడ్. తలియా మరీ లోతై 43 డిగ్రీలు దాటిపోతే నడిమధ్యన మేకు తల కొట్టినట్టు నల్లగా ఉంటుంది.

ఇందులోంచి నేను నేర్చుకున్నది ఒకటే, నీకు ఇచ్చేదీ అదే. చెడ్డ కట్ చేతకాక వచ్చేది తక్కువ, బరువు వదులుకోలేక వచ్చేది ఎక్కువ. ముడిరాయిలో సగానికి పైగా పొడైపోతుంది. ప్రతి సెంటూ డబ్బే. అందులోనూ యాభై సెంట్లు, క్యారెట్ లాంటి గుండు అంకెల దగ్గర ధర మెట్టు ఎక్కుతుంది. నలభై ఏడు సెంట్ల మంచి రాయి అవ్వాల్సినదాన్ని యాభై సెంట్ల మామూలు రాయిగా నిలబెట్టాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. ఆ మిగుల్చుకున్న బరువు పైకి కనబడేచోట ఉండదు. నడుము లావులో ఉంటుంది, అడుగు లోతులో ఉంటుంది. నువ్వు రాయి చేతిలోకి తీసుకున్నప్పుడు మెరుస్తోందా అని అడగకు, బరువు ఎక్కడ దాక్కుంది అని అడుగు.

మన కోహినూరు కథే చూడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిది అని చెప్పుకునే ఆ రాయి ఇంగ్లండు చేరేనాటికి పాత క్యారెట్లలో 186, ఇప్పటి లెక్కలో 191. మనవాళ్లు బరువు పోనివ్వకుండా పలకలు తీశారు. అక్కడ జనం చూసి పెదవి విరిచారు, మెరుపేదీ అని. 1852లో లండన్లో మళ్లీ సాన పట్టించారు. ఇప్పుడు 105.6 క్యారెట్లు. అంత పోయినా చాలనిపించలేదట విక్టోరియా రాణిగారి భర్తకి. ఎవరిది తప్పు అంటే నేను చెప్పలేను. మనవాళ్లకి రాయి గొప్ప దాని బరువులో ఉంది, వాళ్లకి మెరుపులో ఉంది.

మెరుపు లెక్క కాగితం మీదికి ఎక్కింది 1919లో. మార్సెల్ టోల్కోవ్‌స్కీ అని వజ్రాల ఇంట్లో పుట్టిన ఇంజనీరు, గుండ్రటి రాయికి ఏ కోణాలు మేలో గణితం వేసి చెప్పాడు. టేబుల్ వెడల్పు నడుములో 53 శాతం, క్రౌన్ కోణం 34.5, పెవిలియన్ 40.75. ఈ అంకెలు మంత్రం కాదు, వీటికి అటూ ఇటూ మంచి రాళ్లు బోలెడు. కానీ ఊరికి దారి తెలియాలంటే చింతచెట్టు గుర్తు పెట్టుకుంటాం కదా, అలా పెట్టుకో.

ఇప్పుడు నీ రెండు కాగితాలు. మొదటిదానికి క్రౌన్ 34.5, పెవిలియన్ 40.8, లోతు వెడల్పులో 61 శాతం, వెడల్పు 5.13 మిల్లీమీటర్లు. రెండోదానికి 35, 41.2, లోతు 62.5, వెడల్పు 5.06. బరువు ఒకటే, వెడల్పులో పిసరు తేడా. ఆ పిసరు ఎక్కడికి పోయిందో అర్థమైందా? లోతులోకి, నడుము లావులోకి పోయింది. రెండోది చెడ్డ రాయి కాదు, అబద్ధపు కాగితమూ కాదు. ఎక్సలెంట్ అన్నది గీత కాదు, పెద్ద మైదానం. జీఐఏ అని రాళ్లకి గ్రేడు వేసే అమెరికా సంస్థ వాళ్లు 2006 నుంచి గుండ్రటి రాళ్లకి కట్ గ్రేడు ఇస్తున్నారు. ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని అయిదు మెట్లు. ఎక్సలెంట్‌లో పెవిలియన్ 40.6 నుంచి 41.8 దాకా, క్రౌన్ 31.5 నుంచి 36.5 దాకా రావచ్చు. అయితే ఆ మైదానంలో ఏ మూలనున్న క్రౌన్ ఏ మూలనున్న పెవిలియన్‌తోనైనా కుదురుతుందనుకోకు. ఇవి మొగుడూ పెళ్లాల్లాంటివి. ఒకరు గొంతు పెంచితే రెండోవారు తగ్గాలి. క్రౌన్ నిటారైతే పెవిలియన్ కొంచెం పడుకోవాలి. రెండూ నిటారైతే టేబుల్ అంచు కింద వెలుగు కారి ఉంగరంలా మసక పడుతుంది. నీ నిద్దరమొహం రాయిలో నువ్వు చూసింది ఆ మసకనే అని నా అంచనా. రేపు భూతద్దం పక్కన పెట్టి మామూలు కంటితో టేబుల్ అంచు చుట్టూ చూడు.

కాగితంలోని ఆ కోణాలు కూడా సగటులు. ఎనిమిది పలకల కోణాలు కలిపి భాగించి, క్రౌన్ని అర డిగ్రీకి, పెవిలియన్ని 0.2కి సవరించి వేస్తారు. ఒక పలక 40.4, ఎదుటిది 41.2 అయినా కాగితం మీద 40.8 చక్కగా కూర్చుంటుంది. అందుకే కాగితం చదివాక రాయి చూడాలి, రాయి చూశాక మళ్లీ కాగితం చదవాలి. ఇంకో మాట. గ్రేడు వేసేటప్పుడు వాళ్లు చూసేవి ఏడు. తెల్ల వెలుగు, రంగుల మెరుపు, కదిలినప్పటి తళుకు, బరువు వెడల్పుకి తగ్గట్టు ఉందా, నడుము పెచ్చు లేచేంత పలచనా, పాలిష్, పలకల పొందిక. అన్నిటికన్నా తక్కువ మార్కు వచ్చినదే మొత్తం గ్రేడు. అరవై మార్కులొచ్చిన సబ్జెక్టు ముప్ఫై వచ్చినదాన్ని లాక్కురాదు.

రంగుల మెరుపు అన్నాను కదా. మన భాషలో నిప్పుకీ రవ్వే, వజ్రానికీ రవ్వే. పాతవాళ్లు ఊరికే పెట్టలేదు ఆ పేరు. తెల్ల వెలుగు ఎక్కువగా పెవిలియన్ చలవ, రంగులు విడదీసేది క్రౌన్. టేబుల్ మరీ వెడల్పైతే క్రౌన్ పొట్టిదవుతుంది, రాయి పెద్దగా, తెల్లగా కనబడుతుంది గానీ నిప్పు తగ్గుతుంది. కొందరికి అదే ఇష్టం. వాదించకు.

ఇక చూసే పద్ధతి. మీ షాపు పైకప్పులోంచి చుక్కల్లా దిగే ఎల్‌ఈడీ దీపాలున్నాయి చూశావూ, వాటి కింద ఇటుకముక్క అయినా రవ్వలు విసురుతుంది. అక్కడ కట్ చూడకు. తెల్ల కాగితం మధ్యకి మడిచి, ఆ గాడిలో రాయి పెట్టుకుని, గుమ్మం దగ్గర నీడలోకి రా. ఎండలోకి కాదు, నీడలోకి. మూర దూరంలో పట్టుకో. మరీ ముక్కు దగ్గరికి తెస్తే నీ తల నీడే రాయిలో నల్లగా కనబడి లేనిపోని అనుమానం పుడుతుంది. మెల్లగా అటూ ఇటూ వంచు. మంచి రాయిలో నలుపు తెలుపు గళ్లు చోటు మారుతూ ఉంటాయి. చెడ్డదానిలో ఒక మసక పట్టుకుని కదలదు. ఆ తరవాత ట్యూబ్‌లైట్ కిందికి, ఆ తరవాత లైట్లు తగ్గిన మూలకి. మూడు చోట్లా బతికున్నదే రాయి.

కానీ అంతకన్నా ముందు కడుగు. వజ్రానికి నీళ్లంటవు గానీ జిడ్డంటే ప్రాణం. గనుల్లో మట్టిలోంచి వజ్రాలు ఏరడానికి గ్రీజు పూసిన బల్లల మీద నుంచి నీళ్లతో పారించేవారు, రాళ్లు కొట్టుకుపోయేవి, వజ్రాలు అంటుకుపోయేవి. చెవి కమ్మ వెనక కొబ్బరినూనె, పౌడరు చేరితే అడుగు పలకలు పనిచేయవు. మీ అత్త కమ్మలు మార్చడానికి వెళ్తే ఒక షాపులో "రాళ్లు చచ్చిపోయాయమ్మా" అని ధర సగానికి దింపారు. ఇంటికి తెచ్చి గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి, పాత మెత్తటి బ్రష్‌తో వెనకవైపు రుద్దాను. పది నిమిషాలు పట్టింది. చచ్చినవి లేచి కూర్చున్నాయి. ఆ షాపు పేరు అడగకు, ఇప్పుడు వాళ్లతో మాటలున్నాయి.

పది రెట్ల భూతద్దం కంటికి ఆనించి, రాయిని దాని దగ్గరికి తే. భూతద్దాన్ని రాయి దగ్గరికి తీసుకెళ్లకు. టేబుల్ నడిమధ్యన ఉందా, పలకల మూలలు ఒక చోట కలుస్తున్నాయా, నడుము పట్టీ ఒకే లావా, ఎగుడుదిగుడా చూడు. చక్రం గీతలు మిగిలాయా అన్నది ఆఖరున చూడు. గుండ్రటి రాయికి పైన 33 పలకలు, కింద 24, కొస కూడా చదును చేస్తే 58. అన్నీ లెక్కపెట్టక్కర్లేదు. నడుము దగ్గర మాత్రం ఆగు. మందంగా, నలగని తాడులా ఉంటే నీ బరువు దొంగ అక్కడే ఉన్నాడు.

స్కేలు కూడా వాడు. బాగా కోసిన ముప్ఫై సెంట్ల రాయి 4.3 మిల్లీమీటర్లు, యాభై 5.1 పైచిలుకు, క్యారెట్ 6.4, 6.5 ఉండాలి. నగలో బిగించేసిన రాయి బరువు చెప్పమంటే, మిల్లీమీటర్లలో కొలిచి, వెడల్పుని వెడల్పుతో గుణించి, లోతుతో గుణించి, 0.0061తో గుణించు. క్యారెట్లు వస్తాయి. గుండ్రటి వాటికే సుమా. నీ మొదటి రాయికి వేసి చూడు, యాభై సెంట్లు తేలకపోతే నన్నడుగు.

కోల, బాదం, కన్నీటిచుక్క ఆకారాల్లో రాయి మధ్యలో అడ్డంగా బో-టై ముడిలా నల్లటి మచ్చ వస్తుంది. కొంచెం అందరికీ ఉంటుంది, వంచినా పోకపోతే వద్దను. ఎనిమిది బాణాలు, ఎనిమిది హృదయాలు అని అద్దాల గొట్టంలో చూపించి అమ్మేవి పొందికకి గుర్తులే, తప్పులేదు. కానీ బాణాలు చూపించి హృదయాలు చూపించని వాడి దగ్గర రాయి తిరగేసి అడుగు. ల్యాబ్‌లో పెంచిన వజ్రమైనా వెలుగు నడిచే దారి ఇదే, చూసే పద్ధతీ ఇదే.

నీ కౌంటర్లో అసలు వ్యాపారం యాభై సెంట్ల ఉంగరం కాదని నాకు తెలుసు. ఏడు రాళ్ల కమ్మలు, ముక్కుపుడకలు. వచ్చినవాళ్లు తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా మొదటి మాట "కేతే సెంట్?" అనే, ఎన్ని సెంట్లు అని. ఆ చిన్న రవ్వలకి ఒక్కోదానికి కాగితం ఉండదు. అక్కడ జత చూడు. పధ్నాలుగు రాళ్లూ బోర్లించిన తెల్ల పళ్లెం మీద పెట్టి, మూర దూరం నుంచి ఒకేసారి చూడు. ఒక్కటి మసకగా ఉంటే కన్ను దాని మీదికే పోతుంది. చేటలో రాయి దొరికినట్టు దొరుకుతుంది. వెనక మూసేసిన కట్టుడు అయితే అడుగు కనబడదు, కింద రేకు వేసి మెరుపు తెప్పించి ఉండొచ్చు. అలాంటిదానికి కట్ గురించి గట్టిమాట ఇవ్వకు. "బ్లూజాగర్ రాళ్లండీ" అని ఎవరైనా గొప్పగా తెస్తే, అది దక్షిణాఫ్రికాలో ఒక గని పేరు మీద వచ్చిన రంగు మాట, కట్ మాట కాదని గుర్తుంచుకో.

చివరగా ఇంటి సంగతి. మీ అమ్మ దగ్గరున్న మీ అమ్మమ్మ కమ్మలు తీసి చూడు. టేబుల్ చిన్నది, క్రౌన్ ఎత్తు, నడిమధ్యన చిన్న చిల్లులా కనబడుతుంది. అది చిల్లు కాదు. పాత పద్ధతిలో అడుగు కొసని చదును చేసేవారు, అది టేబుల్లోంచి అలా అగుపిస్తుంది. ఇప్పటి లెక్కలో వాటికి మార్కులు రావు. కరెంటు పోయినప్పుడు దీపం దగ్గర పట్టుకుని చూడు, నీ 34.5 రాయిని పక్కన పెట్టి మరీ చూడు. కొత్త కట్ చేయిస్తాం అని ఎవరైనా అంటే మీ అమ్మని ఊఁ అననివ్వకు. మూడో వంతు బరువు పొడై పోయినా ఆశ్చర్యం లేదు.

వచ్చే బుధవారం సెలవు పెట్టుకుని రా. ఆ రెండు రాళ్లూ ఓనరుగారిని అడిగి, రసీదు రాయించుకుని తీసుకురా, మన వీధరుగు మీద నీడలో కూర్చుని చూద్దాం. భూతద్దం నాదుంది. మీ అత్త బరంపురం అప్పడాలు రెండు కట్టలు తెమ్మంటోంది, మిరియాలవి.

ఇట్లు
మీ మావయ్య